ఎముకలు గుల్లబారినవారు కాల్షియం లెక్క ఎలా చూసుకోవాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళకు ఒక సమగ్ర మార్గదర్శి

ఆస్టియోపోరోసిస్ అని డాక్టరు చెప్పగానే ఇంట్లో అందరికీ ముందుగా తట్టేది కాల్షియం మాత్ర. మందుల షాపులో చీటీ లేకపోయినా ఇస్తారు, ధర పెద్ద భారం కాదు, ఇరుగుపొరుగున ఇద్దరు ముగ్గురు అప్పటికే వేసుకుంటూ ఉంటారు. అందువల్ల ఆ మాత్ర ఎంత వేసుకోవాలి, ఏ పూట వేసుకోవాలి, ఆ మనిషికి అసలు దాని అవసరం ఎంత అన్న ప్రశ్నలు చాలా ఇళ్ళలో ఎవరూ వేయరు. తినే తిండిలో రోజుకు ఎంత కాల్షియం అందుతున్నదో ముందు లెక్క కట్టుకుని, తక్కువ పడిన మేరకు మాత్రమే మాత్రతో పూరించుకోవడం సరైన పద్ధతి అని ఈ వ్యాసం చెబుతుంది. ఎముకల మందులు పనిచేయడానికి కాల్షియం ముడిసరుకు వంటిది. అది లేకుండా మందు పనిచేయదు, కేవలం దానితోనే గుల్లబారిన ఎముక గట్టిపడదు.

1. రిపోర్టులో ఏముందో ముందు తెలుసుకోవాలి

ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టులో టి-స్కోరు అనే అంకె ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ప్రకటించిన కొలమానం ప్రకారం ఆ అంకె -1 గానీ అంతకు పైన గానీ ఉంటే ఎముక సాంద్రత మామూలుగా ఉన్నట్టు, -1కీ -2.5కీ మధ్య ఉంటే తగ్గుతున్నట్టు, -2.5 గానీ అంతకు దిగువన గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ ఉన్నట్టు. స్కోరు ఎలా ఉన్నా, నిలబడిన చోటునుంచి జారిపడినంత మాత్రానికే తుంటి ఎముక విరిగినా, బరువెత్తకుండానే వెన్నుపూస నలిగినా డాక్టర్లు దానిని ఈ జబ్బుగానే పరిగణిస్తారు. ఉచిత శిబిరాలలో మడమను చిన్న యంత్రంలో పెట్టించి చేసే పరీక్ష స్థూలమైన అంచనాకు పనికొస్తుందే తప్ప, దానిని పట్టుకుని ఏళ్ళ తరబడి మందులు వాడటం మంచిది కాదు.

రక్తపరీక్ష విషయంలో ఒక అపోహ బలంగా ఉంది. రక్తంలో కాల్షియం సరిగానే ఉన్నది కాబట్టి ఎముకలకు ఢోకా లేదని చాలామంది అనుకుంటారు. ఒంట్లోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. గుండె, నరాలు, కండరాలు పనిచేయడానికి రక్తంలో ఉండవలసిన కొద్దిపాటి కాల్షియం తగ్గితే శరీరం దానిని ఎముకల నుంచే తోడుకుంటుంది. కనుక రక్తంలో అంకె చక్కగా కనిపిస్తూనే ఎముక కరిగిపోతూ ఉండవచ్చు. మాత్రలు మొదలుపెట్టే ముందు డాక్టర్లు సాధారణంగా రక్తంలో కాల్షియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, విటమిన్ డి, అవసరమైతే థైరాయిడ్, పారాథైరాయిడ్ హార్మోన్లు చూపిస్తారు. విటమిన్ డి బాగా లోపించి ఎముక మెత్తబడితే అది వేరే జబ్బు, దాని వైద్యం వేరు.

2. మీ ఇంటి నీరు ఏ నీరో డాక్టరుకు చెప్పాలి

ఇతర జిల్లాల వారికి ఈ మెట్టు అంతగా అక్కరలేదు గానీ మనకు చాలా ముఖ్యం. నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినడాన్ని ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో ఆ జబ్బు గురించి తొలిసారి వైద్య పత్రికల్లో రాసింది 1937లో. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గురించి. ఆనాడు దర్శి, పొదిలి ప్రాంతాలు ఆ జిల్లాలోనే ఉండేవి. ఎద్దులు వయసు మీరకుండానే కీళ్ళు పట్టేసి నడవలేకపోవడం రైతులే ముందుగా గమనించారని చెబుతారు. పొదిలి, దర్శి, కనిగిరి వైపు గాని, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ఊళ్ళలో గాని ఏళ్ళ తరబడి బోరునీళ్ళు తాగినవారి ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుని ఉండే అవకాశం ఉంది.

దీనివల్ల రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, ఫ్లోరైడ్ పేరుకున్న వెన్నెముక డెక్సా స్కానులో సాంద్రత ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ ఆ ఎముక పెళుసుగానే ఉంటుంది. అంటే మంచి స్కోరు చూసి ధీమాగా ఉండటానికి లేదు. రెండోది, నడుము వంగకపోవడం, మెడ తిరగకపోవడం, కీళ్ళు బిగుసుకుపోవడం వంటి ఫ్లోరోసిస్ బాధలను ఎముకల గుల్లతనంగా భావించి కాల్షియం మాత్రలు మింగుతూ కూర్చుంటారు. ఆస్టియోపోరోసిస్ ఎముక విరిగేదాకా సాధారణంగా నొప్పి పెట్టదు. కాబట్టి చిన్నప్పటి నుంచి ఏ ఊరిలో ఉన్నారో, ఏ నీరు తాగారో, పళ్ళమీద గోధుమరంగు చారలు ఉన్నాయో లేదో అడగకపోయినా చెప్పాలి.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. మించకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 మి.గ్రా. వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరిపోవడం వల్ల ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ ప్లాంటు నీరు, సురక్షితమైన పైపు నీరు, శుభ్రంగా పట్టి నిలవచేసిన వాననీరు దీనికి మేలైనవి, అన్నం వండటానికీ పప్పు ఉడకబెట్టడానికీ కూడా ఆ నీళ్ళే వాడాలి. తిండితోపాటు తగినంత కాల్షియం ఉంటే కడుపులోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి బయటకు పంపుతుంది కాబట్టి, ఈ ఊళ్ళవారికి పాలు, పెరుగు, రాగులు రెండు విధాలా ఉపయోగం.

3. రోజుకు ఎంత కావాలో తెలుసుకోవాలి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మి.గ్రా., నెలసరి ఆగిపోయిన స్త్రీలకు 1200 మి.గ్రా. కాల్షియం కావాలి. అంతకు ముందు పెద్దవారికి 600 మి.గ్రా. చాలనేవారు కాబట్టి పాత పుస్తకాల్లో ఆ అంకె కనిపిస్తే కంగారుపడవద్దు. ఈ 1200 అన్నది తిండి, మాత్ర రెండూ కలిపిన మొత్తం. మాత్రలతోనే 1000 వేసుకుని, పైన పాలు, పెరుగు, రాగిజావ కూడా పుష్కలంగా తీసుకునేవారికి మేలు పెరగదు. యాభై దాటినవారు మొత్తం మీద 2000 మి.గ్రా. దాటకుండా చూసుకోవాలి.

4. ఇప్పుడు తింటున్న తిండిని లెక్క కట్టాలి

రెండు మూడు రోజులు తిన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే ఈ పని తేలికవుతుంది. అరవై దాటిన ఒక నెల్లూరు ఇల్లాలి మామూలు రోజును తీసుకుందాం. ఉదయం ఇడ్లీ, చట్నీ. రెండు పూటల కాఫీలో కలిపి సుమారు 150 మి.లీ. పాలు; మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయ కూర, చారు, చిన్న గిన్నెడు పెరుగు; రాత్రి అన్నంలోకి పచ్చడి, పలుచటి మజ్జిగ. ఆవుపాలైనా గేదెపాలైనా 100 మి.లీ.లో దాదాపు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది కాబట్టి కాఫీ పాల ద్వారా 180, పెరుగు ద్వారా 120, మజ్జిగ ద్వారా 50 వచ్చాయనుకుందాం. అన్నంలో కాల్షియం నామమాత్రమే. పప్పు, కూర, చట్నీ, ఇడ్లీ అన్నీ కలిపి మరో 120 అనుకున్నా మొత్తం 470 దగ్గర ఆగుతుంది. అంటే సుమారు 730 మి.గ్రా. లోటు.

ఇదే మనిషి ఉదయం 50 గ్రాముల రాగిపిండితో జావ కాచుకుంటే 180, రాత్రి ఒక గ్లాసు పాలు తాగితే 240, కూరలో 50 గ్రాముల మునగాకు వేసుకుంటే సుమారు 150, అన్నంలోకి పొట్టు తీయని నువ్వుల పొడి రెండు చెంచాలు కలుపుకుంటే 120 అదనంగా వస్తాయి. లోటు దాదాపు పూడిపోయింది. ఆకులోని, నువ్వులోని కాల్షియం మొత్తం ఒంటికి పట్టదు కాబట్టి ఈమెకు కూడా డాక్టరు 500 మి.గ్రా. మాత్ర ఒకటి రాస్తే అది సబబే. రెండో మాత్రకు మాత్రం కారణం అడగాలి. పాలు అసలు పడనివారి విషయంలో లెక్క వేరు, వారికి మాత్ర అవసరం ఎక్కువ.

మజ్జిగ గురించి ఒక మాట. కాల్షియం ఉండేది పెరుగులో, కలిపే నీళ్ళలో కాదు. గ్లాసులో పావువంతు పెరుగు, మిగిలినదంతా నీళ్ళు అయితే వచ్చేది కూడా ఆ పావువంతు పెరుగు కాల్షియమే. ఎండాకాలంలో పెద్ద చెంబుడు మజ్జిగ తాగామని తృప్తిపడేవారు ఇది గమనించాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి పెరుగు బాగానే పడుతుంది, కాబట్టి వారు గట్టి పెరుగు తినవచ్చు. వెన్న తీసిన పాలలో కూడా కాల్షియం తగ్గదు. కొలెస్టరాల్ ఉన్నవారు నిశ్చింతగా వాటిని వాడుకోవచ్చు.

5. ఏది ఒంటికి పడుతుందో చూసి వంట మార్చుకోవాలి

రాగుల్లో 100 గ్రాములకు సుమారు 360 మి.గ్రా. కాల్షియం ఉంది, మన ధాన్యాలలో దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. చిరుధాన్యాల ప్రచారం పెరిగాక కొర్రలు, సామలు, సజ్జలు కూడా ఎముకలకు బలమని అమ్మేవారు చెబుతున్నారు. పీచు, ఇతర పోషకాల కోసం అవి మంచివే కానీ కాల్షియం విషయంలో రాగుల ముందు అవి నిలబడవు, 100 గ్రాములకు పదుల్లోనే ఉంటుంది. రాగిలో ఉండే ఫైటేటు అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. రాగులను నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన పిండి వాడినా, పెద్దవాళ్ళు చేసినట్టు రాత్రి కాచిన జావను పులియబెట్టి ఉదయం అంబలిగా మజ్జిగ కలుపుకుని తాగినా ఆ ఫైటేటు తగ్గుతుంది. ఉదయగిరి, కనిగిరి వైపు సంగటి తినే అలవాటు ఇంకా ఉన్న ఇళ్ళు ఈ విషయంలో అదృష్టవంతులు. షుగరు ఉన్నవారికి పలుచటి జావ చక్కెరను త్వరగా పెంచుతుంది కాబట్టి, చిన్న ముద్ద సంగటిని ఆకుకూర పులుసుతోనో పప్పుతోనో తినడం మంచిది.

ఆకుకూరల్లో మునగాకు, పొన్నగంటి, అవిసె ఆకు, కరివేపాకు కాల్షియం ఎక్కువ ఉన్నవి. అవిసె ఆకులో 100 గ్రాములకు 900 మి.గ్రా. వరకు, కరివేపాకులో 650 మి.గ్రా. వరకు ఉన్నట్టు జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెబుతున్నాయి. చిక్కేమిటంటే కరివేపాకును మనం గుప్పెడు వేసి, విస్తరి పక్కన తీసిపెడతాం. పొడి కొట్టుకుంటేనే అది కడుపులోకి పోతుంది. పాలకూర, బచ్చలి, తోటకూర, గోంగూరల్లో కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు ఎక్కువ. పాలలోని కాల్షియం దాదాపు మూడోవంతు ఒంటికి పడితే పాలకూరలోనిది ఇరవయ్యో వంతే పడుతుందని పరిశోధనలు తేల్చాయి. గోంగూర మానమని ఎవరికీ చెప్పలేం, చెప్పనక్కరలేదు కూడా. దానిని కాల్షియం లెక్కలో వేసుకోకుంటే చాలు.

చేపల దగ్గర మన తీరం వారికి ఉన్న సౌలభ్యం అందరికీ లేదు. అయితే నెల్లూరు చేపల పులుసులో వేసే పెద్ద చేప ముక్కలో మాంసకృత్తులు దండిగా ఉన్నా కాల్షియం అంతగా ఉండదు, అది ముల్లులో ఉంటుంది. ముల్లుతో సహా నమిలి తినగలిగే చిన్న చేపలు కావాలి. జువ్వలదిన్నె, మైపాడు, కొత్తపట్నం తీరాల నుంచి వచ్చే నెత్తళ్ళు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. తల గిల్లి, కడుపు తీసి, కల్లుప్పు వేసి రుద్ది కడిగిన పచ్చి నెత్తళ్ళను చింతపండు పులుసులో సన్నటి సెగ మీద ఎక్కువసేపు ఉడకనిస్తే నడిమి ముల్లు వేలితో నలిపితే నలిగేంత మెత్తబడుతుంది. అప్పుడు పళ్ళు లేని పెద్దవారు కూడా తినగలరు. ఎండు నెత్తళ్ళయితే వేడినీళ్ళలో నానబెట్టి ఆ నీరు పారబోసి, మళ్ళీ రెండు మూడుసార్లు కడిగి వండుకోవాలి, లేకపోతే ఉప్పు వల్ల కలిగే నష్టం ఎక్కువవుతుంది.

ఎముక విరిగిన ప్రతి ఇంట్లోనూ మేక కాళ్ళ సూపు కాస్తారు. రుచికీ, నీరసం పోవడానికీ తాగవచ్చు, కానీ గంటల కొద్దీ కాచినా ఎముకలోని కాల్షియం రసంలోకి దిగేది చాలా కొద్ది. గుడ్డు సంగతీ అంతే. కాల్షియమంతా పెంకులో ఉంటుంది, మనం తినే భాగంలో ముప్పై మి.గ్రా.కు మించదు. ఆ రెండింటినీ మాంసకృత్తుల పద్దులో రాసుకోవాలి.

6. ఒంట్లోంచి పోతున్నదాన్ని ఆపాలి

ఉప్పు ఎక్కువైతే మూత్రపిండాలు సోడియంతోపాటు కాల్షియాన్ని కూడా బయటకు పంపుతాయి. సుమారు 6 గ్రాముల ఉప్పుకు 40 మి.గ్రా. చొప్పున పోతుందని అంచనా; ఆ 40 మి.గ్రా. తిరిగి ఒంటికి పట్టాలంటే వంద మి.లీ.కు పైగా పాలు తాగాలి. రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఆవకాయ, ఊరగాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు ఉన్న మన భోజనంలో ఆ హద్దు మధ్యాహ్నానికే దాటిపోతుంది. పచ్చడి రోజుకు ఒక పూటకు తగ్గించి, మజ్జిగలో ఉప్పు మానేయడం మొదటి అడుగుగా పెట్టుకోవచ్చు.

ప్రకాశం జిల్లా పొగాకు పండించే నేల కావడం వల్ల చుట్ట అలవాటున్న పెద్దలు, ఆడవారితో సహా, పల్లెల్లో ఇంకా కనిపిస్తారు. పొగ ఎముకను రెండు వైపులా దెబ్బతీస్తుంది. కాల్షియం ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, ఎముకలను కాపాడే ఈస్ట్రోజన్ హార్మోనునూ తగ్గిస్తుంది. చుట్ట మానకుండా మాత్రలు వేసుకోవడం డబ్బు దండగ అనే నా అభిప్రాయం. కాఫీ, టీల గురించి అంత భయం అక్కరలేదు, రెండు మూడు కప్పులు పాలతో తాగేవారికి నష్టం దాదాపు ఉండదు. అయితే ఫ్లోరైడ్ ఊళ్ళలో ఉన్నవారు టీ తగ్గించుకోవాలి, తేయాకులో ఫ్లోరైడ్ ఉంటుంది.

తాంబూలంలో సున్నం వేసుకుంటున్నాం కాబట్టి కాల్షియం సరిపోతుందనేవారూ, గోధుమగింజంత సున్నం పెరుగులో కలుపుకుని తినమని ఫోన్లలో వచ్చే సందేశాలు నమ్మేవారూ ఉన్నారు. సున్నంలో కాల్షియం ఉన్న మాట నిజం. కానీ బజారు సున్నం శుద్ధి ఏమిటో, వేలితో తీసిన దానిలో ఎంత ఉన్నదో ఎవరికీ తెలియదు, నోరు, కడుపు పుండ్లు పడతాయి. కొలత తెలిసిన మాత్ర అందుబాటులో ఉండగా ఈ ప్రయోగం ఎందుకు?

7. మాత్ర అట్ట వెనుక చదివి ఎంచుకోవాలి

అట్ట ముందు పెద్ద అక్షరాలతో ఉన్న అంకె కంటే, వెనుక వెండిరంగు రేకు మీద చీమ తలంత అక్షరాలలో ఉన్న వాక్యం ముఖ్యం. అక్కడ ఏ లవణం ఎంత ఉన్నదో రాసి, దాని కింద 'ఎలిమెంటల్ కాల్షియం' ఎంతకు సమానమో రాస్తారు. మన లెక్కకు పనికొచ్చేది ఆ రెండో అంకె. కాల్షియం కార్బొనేట్‌లో 40 శాతం అసలు కాల్షియం కాబట్టి 1250 మి.గ్రా. కార్బొనేట్ మాత్ర 500 మి.గ్రా. కాల్షియం ఇస్తుంది. సిట్రేట్‌లో 21 శాతమే, అంటే 1000 మి.గ్రా. సిట్రేట్ మాత్ర ఇచ్చేది సుమారు 210. ఈ తేడా తెలియక మాత్ర మార్చినవారు మోతాదు సగానికి తగ్గిపోయిన సంగతి గమనించరు.

కార్బొనేట్ చవక, కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది, అందుకని భోజనం మధ్యలో గాని తిన్న వెంటనే గాని వేసుకోవాలి. సిట్రేట్ ఖరీదు ఎక్కువ, మాత్రలు ఎక్కువ వేసుకోవాలి, కానీ తిండితో పనిలేకుండా ఎప్పుడైనా వేసుకోవచ్చు. గ్యాస్ కోసం రోజూ పాంటప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి వాడేవారికి ఆమ్లం తక్కువ కాబట్టి సిట్రేట్ మేలు. కార్బొనేట్ వల్ల మలబద్ధకం, ఉబ్బరం వస్తే ముందు నీళ్ళు, పీచు పెంచి చూసి, తగ్గకపోతే సిట్రేట్‌కు మారమని డాక్టరును అడగవచ్చు. ఏ రకమైనా ఒక పూట 500 మి.గ్రా.కు మించి వేసుకుంటే పేగులు పట్టుకోలేవు. రెండు మాత్రలు రాస్తే మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి, రెండూ భోజనంతో వేసుకోవాలి.

మన దగ్గర కాల్సిట్రయాల్ కలిపిన కాల్షియం గుళికలు విరివిగా రాస్తారు. అది విటమిన్ డికి చురుకైన రూపం. దానితోపాటు విడిగా విటమిన్ డి పొట్లాలు కూడా వాడుతుంటే రక్తంలో కాల్షియం అవసరానికి మించి పెరగవచ్చు, కాబట్టి ఇద్దరు డాక్టర్లు రాసిన చీటీలను ఒకరికే చూపించాలి. విటమిన్ కె2, మెగ్నీషియం, జింకు అన్నీ కలిపిన ఖరీదైన మాత్రలు అందరికీ అవసరం లేదు. రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడేవారు మాత్రం విటమిన్ కె కలిసిన ఏ మాత్రా అడగకుండా వేసుకోకూడదు.

8. మిగతా మందులకు ఎడం పాటించాలి

నా దృష్టిలో ఏ కంపెనీ మాత్ర అన్నదానికంటే ఏ వేళ మాత్ర అన్నది ముఖ్యం. కాల్షియం కొన్ని మందులను కడుపులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వదు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రకు 2 గంటలు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్ కోర్సు నడిచే రోజుల్లో ఎడం ఎంతో డాక్టరును అడగాలి, లేదా ఆ కొద్దిరోజులు కాల్షియం ఆపవచ్చా అని అడగాలి.

ఉదాహరణకు థైరాయిడ్, రక్తహీనత రెండూ ఉన్నవారు ఉదయం 6 గంటలకు నిద్రలేవగానే థైరాయిడ్ మాత్ర మంచినీళ్ళతో వేసుకుని, 7 గంటలకు టిఫిను తిని, మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నంతో కాల్షియం వేసుకుని, సాయంత్రం 5 గంటలకు ఐరన్ మాత్రను నిమ్మరసంతో వేసుకుంటే ఏదీ దేనికీ అడ్డురాదు. ఉదయం మాత్రలన్నీ ఒకే గుప్పిట్లో పోసుకుని మింగే అలవాటు ఉన్నవారింట్లో ఈ వేళలను అట్టలమీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం పిల్లల బాధ్యత.

ఎముక గట్టిపడటానికి వారానికొకసారి వేసుకునే అలెండ్రొనేట్ వంటి మాత్రకు నియమం మరింత కఠినం. పరగడుపున ఒక గ్లాసు మామూలు నీళ్ళతో మింగి, అరగంట పాటు నిటారుగా కూర్చోవడమో నిలబడటమో చేయాలి, పడుకోకూడదు, ఆ అరగంటలో కాఫీ కూడా తాగకూడదు. ఆ రోజు కాల్షియం మధ్యాహ్నం భోజనంతోనే.

9. విటమిన్ డి: ఎండ, పొట్లాలు

విటమిన్ డి లేనిదే తిన్న కాల్షియం పేగుల నుంచి సరిగా ఒంటికి చేరదు. ఇన్ని ఎండలు కాసే నెల్లూరులో డి లోపం ఎలా వస్తుందని ఆశ్చర్యపడతారు గానీ, ఒంటినిండా బట్ట, నీడపట్టున పని, ముదురు చర్మం, వయసు అన్నీ కలిసి ఆ లోపాన్ని తెస్తాయి. ఉదయం ఏడు గంటల లేత ఎండలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు చాలా తక్కువ. 10 నుంచి 3 గంటల మధ్య ఎండ కావాలి. రోహిణి కార్తెలో ఆ వేళ పెద్దవారిని బయట కూర్చోబెట్టడం ప్రమాదం కాబట్టి, చలికాలంలో చేతులు, కాళ్ళు తగిలేలా ఓ ఇరవై నిమిషాలు ఎండలో ఉండి, వేసవిలో మాత్రలమీదే ఆధారపడటం తెలివైన పని.

విటమిన్ డి రోజుకు 600 ఐ.యు. (అంతర్జాతీయ యూనిట్లు) అన్నది ఆరోగ్యవంతులకు సిఫారసు. లోపం ఉన్నవారికి డాక్టర్లు 60,000 ఐ.యు. పొట్లం గాని గుళిక గాని వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు, తర్వాత నెలకొకటి రాస్తారు. దీన్ని పొరపాటున రోజూ వేసుకోవడం వల్ల ఆసుపత్రి పాలైనవారు ఉన్నారు. చీటీలో 'వారానికి ఒకటి' అన్నది మందుల షాపువారితో తెలుగులో కవరు మీద రాయించుకుని, ఏ వారం వేసుకోవాలో క్యాలెండరు మీద సున్నా చుట్టుకోవాలి. కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా పడుతుంది.

10. మాంసకృత్తులు మరవకూడదు

ఎముకలో ఖనిజంతోపాటు మాంసకృత్తుల అల్లిక కూడా ఉంటుంది. కండ బలంగా ఉంటేనే మనిషి పడడు. మూత్రపిండాలు బాగున్న పెద్దవారు కిలో బరువుకు రోజుకు 1 గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు మాంసకృత్తులు తినాలి. పప్పు గట్టిగా, గుడ్డు ఒకటి, చేప లేదా కోడి ముక్క వారానికి మూడు నాలుగుసార్లు, శాకాహారులకు పెరుగు, శనగలు, ఉలవలు. ఉలవచారు కంటే ఉడికిన ఉలవ గింజ తినడం మేలు, అందులో కాల్షియం కూడా చెప్పుకోదగినంత ఉంది.

11. ఎవరు సొంతంగా మొదలుపెట్టకూడదు

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ వ్యాసంలోని అంకెలను తమకు అన్వయించుకోకూడదు. వారికి కాల్షియం, ఫాస్ఫరస్, విటమిన్ డి లెక్కలు పూర్తిగా వేరు. బీపీ కోసం థయజైడ్ రకం మాత్రలు, గుండెకు డిజాక్సిన్ వాడేవారు ముందుగా చెప్పాలి. గతంలో కిడ్నీలో రాళ్ళు వచ్చినవారు పాలు, పెరుగు మానేస్తారు, ఇది తిరగబడే జాగ్రత్త. తిండిలోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగులోనే పట్టి బయటకు పంపుతుంది కాబట్టి రాళ్ళ ముప్పు తగ్గుతుంది. మాత్రల విషయం అలా కాదు. అమెరికాలో 36 వేలమందికి పైగా స్త్రీల మీద జరిపి 2006లో ఫలితాలు ప్రకటించిన పెద్ద పరిశోధనలో రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం, 400 ఐ.యు. విటమిన్ డి ఇచ్చినవారిలో రాళ్ళు 17 శాతం ఎక్కువగా కనిపించాయి. నీళ్ళు బాగా తాగడం, భోజనంతోనే మాత్ర వేసుకోవడం, రోజుకొక నిమ్మకాయ పిండుకోవడం వీరికి మంచిది. పొదలకూరు మార్కెట్టు దగ్గరున్న మనకు నిమ్మకాయకు కొరత లేదు.

మాత్రలు వాడుతుండగా తెరలు తెరలుగా వికారం, తగ్గని మలబద్ధకం, అతిదాహం, మాటిమాటికీ మూత్రం, మనిషి మందకొడిగా అయోమయంగా ఉండటం కనిపిస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఉండవచ్చు. మాత్రలు ఆపి అదే రోజు డాక్టరుకు చూపించాలి. వయసు వల్ల మతిమరుపులే అని ఊరుకోకూడదు.

మరొక హెచ్చరిక మోకాళ్ళ నొప్పులకు పల్లెల్లో దొరికే పేరులేని పొడులు, మాత్రలు, సూదుల గురించి. వెంటనే హాయినిచ్చే వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే ఎముకలు వేగంగా గుల్లబారతాయి, ఎంత కాల్షియం తిన్నా ఆ నష్టం పూడదు.

12. ఎముకల మందులతో కలిపి నడిపించాలి

ఎముక గట్టిపడటానికి డాక్టర్లు అలెండ్రొనేట్, రైసెడ్రొనేట్ మాత్రలు, ఏడాదికొకసారి ఇచ్చే జోలెడ్రానిక్ ఆమ్లం సూది, ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ సూది, తీవ్రమైన జబ్బుకు రోజూ వేసుకునే టెరిపారటైడ్ సూది వంటివి వాడతారు. జోలెడ్రానిక్, డెనోసుమాబ్ ఇచ్చే ముందు కాల్షియం, విటమిన్ డి సరిచేసుకోకపోతే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి, మూతి చుట్టూ తిమ్మిర్లు, చేతివేళ్ళు కొంకర్లు పోవడం జరగవచ్చు. డెనోసుమాబ్ మొదలుపెట్టాక గడువు దాటనివ్వకూడదు. ఆపితే కొద్ది నెలల్లోనే ఎముక సాంద్రత పడిపోయి వెన్నుపూసలు విరిగే ముప్పు ఉంది, ఆపవలసి వస్తే బదులుగా మరో మందు మొదలుపెట్టాలి. ఊరికి వెళ్ళి ఉన్నాం, పంట పనుల్లో ఉన్నాం అని వాయిదా వేసే సూది కాదది.

మందు మొదలైన ఏడాదికో రెండేళ్ళకో డెక్సా మళ్ళీ తీస్తారు. వీలైతే అదే యంత్రం మీద తీయించుకోవాలి, యంత్రం మారితే అంకెలను సరిగా పోల్చలేం. ఆ రోజున మీరు రాసుకున్న తిండి లెక్క కాగితం, మాత్రల అట్టలు, విటమిన్ డి వేసుకున్న వారాలు సున్నా చుట్టిన క్యాలెండరు వెంట తీసుకువెళ్ళాలి. పళ్ళు పీకించుకోవలసి వస్తే ఎముకల మందులు వాడుతున్నట్టు పళ్ళ డాక్టరుకు ముందే చెప్పాలి. అరుదుగానైనా ఈ మందులు వాడేవారిలో దవడ ఎముక మానకపోవడం జరుగుతుంది, కాబట్టి వీలైనంతవరకు పళ్ళ పనులు పూర్తిచేసుకున్నాకే జోలెడ్రానిక్, డెనోసుమాబ్ సూదులు మొదలుపెట్టించుకోవాలి.